ఫర్మెంటర్ అడుగున మడ్డి సంగతి: ఒక పాత ఫోన్, రెండు ఫర్మెంటర్లు, కొంచెం బోధన్ షుగర్ ఫ్యాక్టరీ

ఈ సైట్‌లో కెమెరా టెస్ట్ అంటే నైట్ మోడ్, పోర్ట్రెయిట్, జూమ్ అని మీకు అలవాటు. ఈసారి చేసిన టెస్ట్ వేరే. స్క్రీన్ మూల పగిలిపోయి డ్రాయర్‌లో పడి ఉన్న ఒక పాత ఆండ్రాయిడ్ ఫోన్‌ని తొమ్మిది రోజులు ఒక గ్లాస్ డోర్ ఫ్రిజ్ ముందు నిలబెట్టాను. ఇరవై నిమిషాలకో ఫోటో. ఫ్రిజ్ లోపల ఉన్నవి రెండు బీర్ ఫర్మెంటర్లు. ఫోటోల్లో నేను చూసింది బీర్‌ని కాదు, దాని అడుగున పేరుకునే మడ్డిని.

కంపెనీ పని మీద నాలుగు నెలలు డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఉన్నాను. మా అక్కావాళ్ల ఇల్లు అక్కడే. బావ గ్యారేజ్‌లో కారు కంటే బీర్ సామాను ఎక్కువ. స్మార్ట్ సెన్సర్లు, టెంపరేచర్ కంట్రోలర్లు, ప్రెషర్ వాల్వులు చూశాక నాలాంటోడు ఊరుకోడు కదా.

ముందు ఒక మాట గట్టిగా చెప్పాలి. దీన్ని చదివి హైదరాబాద్‌లోనో నిజామాబాద్‌లోనో మొదలుపెట్టకండి. తెలంగాణలో లైసెన్స్ లేకుండా ఇంట్లో బీర్ తయారు చేయడం నేరం. 1968 ఎక్సైజ్ చట్టం అక్కడ గుడుంబా, ఇక్కడ క్రాఫ్ట్ బీర్ అని తేడా చూడదు. హైదరాబాద్ మైక్రోబ్రూవరీలు నడిచేది 2015లో వచ్చిన ప్రత్యేక రూల్స్ కింద, లైసెన్స్ ఫీజు కట్టి. అమెరికాలో కథ వేరే. 1978లో ప్రెసిడెంట్ కార్టర్ సంతకం చేసిన చట్టంతో ఇంట్లో బీర్ చేసుకోవడానికి ఫెడరల్ పర్మిషన్ వచ్చింది. ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు పెద్దవాళ్లుంటే 200. అమ్మకూడదు. అక్కడ కూడా అన్ని రాష్ట్రాలూ ఒకేసారి ఒప్పుకోలేదు, అలబామా, మిసిసిపీ 2013లో గానీ దిగిరాలేదు. కాబట్టి ఈ ఆర్టికల్ ఇర్వింగ్ గ్యారేజ్ గురించి. అక్కడ ఉన్న మన రీడర్స్‌కి నేరుగా పనికొస్తుంది, ఇక్కడున్నవాళ్లకి టెక్నాలజీగా పనికొస్తుంది.

ఇంతకీ ఆ మడ్డి ఏంటి?

మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేడినీళ్లలో నానబెడితే తీపి రసం వస్తుంది. దాన్ని హాప్స్‌తో మరిగించి, చల్లార్చి, ఈస్ట్ వేసి ఫర్మెంటర్‌లో పోస్తారు. ఈస్ట్ చక్కెర తిని ఆల్కహాల్, కార్బన్ డయాక్సైడ్ ఇస్తుంది. వారం పది రోజులకి చక్కెర అయిపోతుంది, ఈస్ట్ నిద్రపోయి కిందకి దిగుతుంది. అయితే అడుగున చేరేది ఈస్ట్ ఒక్కటే కాదు. మరిగించినప్పుడు విరిగిన ప్రోటీన్ ముద్దలు, చల్లార్చినప్పుడు విడిపోయిన సన్న ప్రోటీన్ పొడి, హాప్స్ ఆకుల తుక్కు, ఇవన్నీ ముందు దిగుతాయి. వాటి మీద ఈస్ట్ పొర. బ్రూయర్లు మొత్తాన్ని ట్రబ్ అంటారు. నేను మడ్డి అనే అంటాను, ఆ మాటలో అంతా వచ్చేస్తుంది.

19 లీటర్ల బ్యాచ్‌లో లీటర్, లీటరున్నర మడ్డి మామూలే. దానితో వచ్చే ఇబ్బందులు మూడు. మొదటిది, మడ్డిలో ఇరుక్కున్న బీర్ మీకు దక్కదు. రెండోది, అది ట్యాప్‌లోకి వస్తే గ్లాసు మజ్జిగలా ఉంటుంది, నోట్లో పచ్చి ఈస్ట్ చేదు. ఎక్కువ రోజులు వేడిలో వదిలేస్తే చచ్చిన ఈస్ట్ కణాలు పగిలి సోయా సాస్ లాంటి వాసన కూడా వస్తుంది. మూడోది ప్రమాదం. పని పూర్తికాకుండానే బీర్‌ని సీసాల్లోకి నింపితే, లోపల మిగిలిన చక్కెరని ఈస్ట్ తింటూనే ఉంటుంది. ప్రెషర్ పెరిగి గాజు సీసా పేలుతుంది. ఇది హోమ్‌బ్రూయర్లు జోక్‌గా చెప్పుకునే విషయం కాదు, కళ్లకి దెబ్బలు తగిలిన కేసులున్నాయి.

మా నవీపేట్‌లో పెరిగినోడికి మడ్డి అంటే ముందు గుర్తొచ్చేది కల్లు. ఈత కల్లు తెల్లగా ఎందుకుంటుంది అంటే అందులో ఈస్ట్, బ్యాక్టీరియా ఇంకా తేలుతూనే ఉంటాయి కాబట్టి. చెట్టు దిగిన గంటల్లో తాగేదాన్ని ఎవరూ తేర్చి కూర్చోరు. పులియకుండా నీరాగా ఉంచాలంటే లొట్టి లోపల సున్నం పూస్తారు, సున్నం ఈస్ట్‌ని లేవనివ్వదు. ఇంకో సంగతి కూడా మా జిల్లావాళ్లకి బాగా తెలుసు. కల్తీ కల్లులో ఆల్ప్రజోలం కలిపితే కంటికి కనిపించదు. అందుకే బీర్ అయినా కల్లు అయినా, తేటగా ఉందా లేదా అనేది శుభ్రానికి కొలత కాదు. కింద చెప్పేదంతా రుచి, లుక్, వేస్టేజ్ గురించే.

చల్లబెడితే ఎందుకు దిగుతుంది?

బ్రూయింగ్‌లో ఫేమస్ ట్రిక్ కోల్డ్ క్రాష్. ఫర్మెంటేషన్ అయ్యాక ఫర్మెంటర్‌ని 1-2 డిగ్రీలకి తీసుకెళ్లి కొన్ని రోజులు ఉంచడం. చాలామంది చెప్పే కారణం "చల్లగా ఉంటే ఈస్ట్ బరువెక్కి దిగుతుంది" అని. ఇది తప్పు. ఇంజినీరింగ్ సెకండియర్‌లో ఫ్లూయిడ్ మెకానిక్స్ గుర్తుంటే, స్టోక్స్ లా ప్రకారం చిన్న రేణువు దిగే వేగం దాని సైజు స్క్వేర్‌కి, సాంద్రత తేడాకి అనుపాతంలో పెరుగుతుంది, ద్రవం చిక్కదనం పెరిగితే తగ్గుతుంది. 20 డిగ్రీల నుంచి 2 డిగ్రీలకి వెళ్తే నీళ్ల చిక్కదనం దాదాపు 1.7 రెట్లు అవుతుంది. అంటే ఒంటరి ఈస్ట్ కణం చల్లటి బీర్‌లో ఇంకా మెల్లగా దిగాలి!

మరి కోల్డ్ క్రాష్ ఎలా పనిచేస్తుంది? చలికి ఈస్ట్ పని ఆపేస్తుంది, గ్యాస్ బుడగలు ఆగుతాయి, కింద నుంచి పైకి కలియబెట్టేది ఏదీ ఉండదు. ఈస్ట్ కణాలు ఒకదానికొకటి అంటుకుని గుంపులవుతాయి. గుంపు సైజు రెండింతలైతే దిగే వేగం నాలుగింతలు, మూడింతలైతే తొమ్మిదింతలు. దీంతోపాటు ప్రోటీన్లు, పాలీఫినాల్స్ చలికి చేయి కలిపి మసకగా బయటపడతాయి, వాటిని అక్కడే దించేయొచ్చు. లేకపోతే మీ గ్లాసులో, మీ ఫ్రిజ్‌లో బయటపడతాయి.

నేను ఒక పేపర్ లెక్క వేశాను. ఈస్ట్ కణం 7 మైక్రాన్లు, సాంద్రత తేడా లీటరుకి 60 గ్రాములు, చల్లటి బీర్ చిక్కదనం నీళ్లకి రెండింతలు అనుకుంటే గంటకి సుమారు 3 మిల్లీమీటర్లు. 40 సెంటీమీటర్ల ఎత్తున్న బీర్ తేలడానికి ఐదారు రోజులు. ఈ నంబర్ గుర్తుపెట్టుకోండి.

ఏ ఈస్ట్ వాడారన్నది కూడా చాలా తేడా తెస్తుంది. సాఫేల్ ఎస్-04 లాంటి ఇంగ్లిష్ ఈస్ట్ గబగబా గుంపులు కట్టి గట్టి ముద్దలా అడుగున కూర్చుంటుంది. యూఎస్-05 మధ్యస్థం, కాస్త ఓపిక పట్టాలి. జర్మన్ గోధుమ బీర్ ఈస్ట్‌లు ఎన్ని రోజులైనా తేలుతూనే ఉంటాయి.

సామాను: బకెట్ నుంచి కోన్ దాకా

చౌకది మామూలు ప్లాస్టిక్ బకెట్. అడుగు చదునుగా ఉంటుంది, మడ్డి అంతా పరుచుకుంటుంది, పైనుంచి సైఫన్‌తో తేటని లాగాలి. పాత పుస్తకాల్లో మడ్డి మీద బీర్‌ని ఉంచొద్దు, ఇంకో పాత్రలోకి మార్చమని రాసేవాళ్లు. 'హౌ టు బ్రూ' రాసిన జాన్ పామర్ కూడా మొదట్లో అదే చెప్పి, తర్వాత ఎడిషన్లలో మామూలు ఏల్స్‌కి అక్కర్లేదని మార్చుకున్నాడు. ఇంట్లో చేసే ఇరవై లీటర్లలో ఈస్ట్ మీద పడే ప్రెషర్ తక్కువ, మూడు నాలుగు వారాలు బాగానే ఉంటుంది. పాత్ర మార్చినప్పుడు కలిసే ఆక్సిజన్ చేసే నష్టమే ఎక్కువ.

బకెట్‌కి కింద ట్యాప్ ఉంటే బావ చేసే పని ఒకటుంది. కోల్డ్ క్రాష్ మొదలుపెట్టేముందు, ట్యాప్ ఉన్న వైపు కింద ఒక అంగుళంన్నర చెక్క ముక్క పెట్టి ఫర్మెంటర్‌ని వాలుగా ఉంచుతాడు. మడ్డి వెనక మూలకి చేరుతుంది, ట్యాప్ ముందు ఖాళీ. నింపేటప్పుడు కూడా ఆ వాలు అలాగే ఉంచాలి, చివరి లీటర్‌కి మాత్రం మెల్లగా ముందుకి వంచాలి. ఖర్చు సున్నా. ఈ ఆర్టికల్‌లో నేను చెప్పే అన్నిటికంటే విలువకి విలువ ఇచ్చేది ఇదే.

తర్వాతి మెట్టు కోనికల్ ఫర్మెంటర్. అడుగు గరాటలా 60 డిగ్రీల కోణంతో ఉంటుంది. మడ్డి జారి మొనకి చేరుతుంది, అక్కడ వాల్వ్. పెద్ద బ్రూవరీల టవర్ లాంటి స్టీల్ ట్యాంకులన్నీ ఈ డిజైనే, 20వ శతాబ్దం మొదట్లో లియోపోల్డ్ నాథన్ అనే ఇంజినీర్ ఆలోచన అది. ఇంటి సైజులో స్టీల్‌వి కొన్ని వందల డాలర్లు. ప్లాస్టిక్‌వి, కెగ్‌ల్యాండ్ వాళ్ల ఫర్మ్‌జిల్లా టైప్‌వి, వంద డాలర్ల చుట్టుపక్కల. వీటిలో కోన్ కింద ఒక చిన్న జాడీ బిగించి ఉంటుంది, మధ్యలో బటర్‌ఫ్లై వాల్వ్. వాల్వ్ తెరిచి ఉంచితే మడ్డి జాడీలోకి దిగుతుంది. నిండాక వాల్వ్ మూసి, జాడీ విప్పి కడిగి మళ్లీ బిగించొచ్చు.

వినడానికి సింపుల్. చేసేటప్పుడు రెండు తిరకాసులున్నాయి. జాడీ విప్పేముందు దానిలోని ప్రెషర్ విడిగా వదలాలి, లేకపోతే మడ్డి గోడల మీద పెయింట్ అవుతుంది. ఇంకోటి, ఖాళీ జాడీ బిగించి వాల్వ్ తెరిస్తే, అందులో ఉన్న గాలి పెద్ద బుడగలా పైకి పోతుంది. అది పోతూ పోతూ మిగిలిన మడ్డినంతా లేపుతుంది, పైగా బీర్‌లోకి ఆక్సిజన్. బావ జాడీకి ఉన్న గ్యాస్ పోస్ట్ నుంచి కార్బన్ డయాక్సైడ్ రెండు మూడు సార్లు ఎక్కించి వదిలి, గాలి పోయాక, ఫర్మెంటర్ ప్రెషర్‌కి సమానం చేసి అప్పుడు వాల్వ్‌ని వెంట్రుకంత తెరుస్తాడు. అసలు జాడీని మొదటి రోజు నుంచే తెరిచి ఉంచి, వర్ట్‌తో నిండనిస్తే ఈ బుడగ గొడవే ఉండదు. హాప్స్ తుక్కు ఎక్కువుంటే మాత్రం వాల్వ్ గొంతు పూడుకుపోతుంది.

స్టీల్ కోనికల్‌లో వాల్వ్ ఒక్కసారిగా తెరిస్తే ఇంకో తమాషా. మధ్యలో ఉన్న బీర్ మడ్డికి బొక్క చేసుకుని బయటికొచ్చేస్తుంది, గోడలకంటిన ఈస్ట్ అలాగే ఉండిపోతుంది. ఎలుక బొరియలాగా అన్నమాట. మెల్లగా, కొంచెం కొంచెం, గంటల తేడాతో తీయాలి.

మూడో దారి ఆల్-ఇన్-వన్ గాడ్జెట్లు. బ్రిటన్‌లో వచ్చిన పింటర్ చిన్న సిలిండర్ లాంటిది, పది పింట్లు చేస్తుంది. కింద బ్రూయింగ్ డాక్ అని ఒక కప్పు ఉంటుంది. ఈస్ట్ అందులోకి దిగాక తిప్పి తీసేసి, మెషిన్‌ని ఫ్రిజ్‌లో పెట్టుకోవడమే. మడ్డి సమస్యని యూజర్‌కి అర్థమయ్యేలా డిజైన్ చేసింది నాకు తెలిసి ఇదే. ఎల్‌జీ 2019 సీఈఎస్‌లో చూపించిన హోమ్‌బ్రూ గుర్తుందా? క్యాప్సూల్ వేసి బటన్ నొక్కితే రెండు మూడు వారాల్లో ఐదు లీటర్లు. కొరియాలో లాంచ్ చేసినప్పుడు అక్కడి లిక్కర్ చట్టం వల్ల శాంపిల్ పోసే వీలు లేక, ఈవెంట్‌ని సియోల్‌లోని బ్రిటిష్ ఎంబసీలో పెట్టారు. సియాటిల్ కంపెనీ పికోబ్రూ 2020లో మూతపడింది. క్లౌడ్ సర్వర్ మీద ఆధారపడే మెషిన్లు కొన్నవాళ్లు రెసిపీలు లోడ్ చేసుకోలేక తలపట్టుకుంటే, ఓపెన్ సోర్స్ వాళ్లు లోకల్ సర్వర్ రాసి బతికించారు. ఏ గాడ్జెట్ కొన్నా "కంపెనీ పోతే ఇది పనిచేస్తుందా" అని అడగమని ఈ సైట్‌లో ఎప్పుడూ చెప్పేదే. చెక్క ముక్కకి సర్వర్ అక్కర్లేదు.

పాత ఫోన్ టెస్ట్

బావ నలభై లీటర్ల పేల్ ఏల్ చేశాడు. ఒకే వర్ట్, ఒకే ఈస్ట్ (యూఎస్-05), సగం సగం రెండు పారదర్శక ప్లాస్టిక్ కోనికల్స్‌లో పోశాం. రెండూ 19 డిగ్రీల దగ్గర పులిశాయి. గ్రావిటీ రీడింగ్ మూడు రోజులు కదలకుండా ఉన్నాక 2 డిగ్రీలకి దించాం. ఒకదాంట్లో జెలటిన్ వేశాం, ఇంకోదాంట్లో ఏమీ వేయలేదు. ఫ్రిజ్ అంటే ఒక రెస్టారెంట్ మూసేస్తుంటే బావ కొన్న కూల్‌డ్రింక్స్ ఫ్రిజ్, రెండు గాజు తలుపులది.

ఇక్కడ ఫోన్ సెటప్ గురించి కొంచెం చెప్పాలి. బీర్‌కి వెలుతురు పడదు. నీలి, అతినీలలోహిత కాంతి తగిలితే హాప్స్‌లోని పదార్థాలు విరిగి స్కంక్ అనే జంతువు కంపు లాంటి వాసన వస్తుంది. బీర్ సీసాలు బ్రౌన్ కలర్‌లో ఉండేది అందుకే. ఎరుపు కాంతికి ఆ బలం లేదు. అందుకే ఫర్మెంటర్ల వెనక డిమ్ రెడ్ ఎల్ఈడీ స్ట్రిప్ పెట్టి, ముందు తలుపుకి నల్ల చార్ట్ అంటించి లెన్స్‌కి మాత్రం కంత వదిలాను. ఫోన్‌ని లోపల పెట్టలేదు, 2 డిగ్రీల్లో లిథియం బ్యాటరీ ఏడుస్తుంది, లెన్స్ మీద తేమ చేరుతుంది.

మొదట టెర్మక్స్‌లో స్క్రిప్ట్‌తో ఫోటోలు తీయిద్దామనుకున్నా గానీ ఎక్స్‌పోజర్ లాక్ చేసే వీల్లేదు. ఓపెన్ కెమెరా యాప్‌లో కెమెరా2 ఏపీఐ ఆన్ చేస్తే ఐఎస్ఓ, షట్టర్, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ అన్నీ చేత్తో ఫిక్స్ చేయొచ్చు, రిపీట్ టైమర్ కూడా ఉంది. ఇది చాలా ముఖ్యం. ఆటోలో వదిలితే ఫోన్ తెలివి చూపించి ప్రతి ఫోటోనీ ఒకే బ్రైట్‌నెస్‌కి తెస్తుంది, మీరు కొలవాలనుకున్నదే మాయమవుతుంది. హెచ్‌డీఆర్, ఏఐ సీన్ అన్నీ ఆఫ్. తర్వాత పైథాన్, ఓపెన్‌సీవీ. ప్రతి ఫోటోలో ఫర్మెంటర్ మధ్య నుంచి సన్నటి నిలువు చీలిక కత్తిరించి, రెడ్ ఛానెల్ మాత్రమే తీసుకుని, ఎత్తుని బట్టి బ్రైట్‌నెస్ గ్రాఫ్ వేశా. వెలుతురు ఎంత దాటితే బీర్ అంత తేట. కోడ్ మొత్తం అరవై లైన్లు లేదు.

ఏమీ వేయనిదాంట్లో తేట పైనుంచి కిందకి మెల్లగా దిగింది. గ్రాఫ్‌లో ఆ అంచు రోజుకి ఏడెనిమిది సెంటీమీటర్లు జరిగింది, ఆరో రోజుకి కోన్ దాకా వచ్చింది. నా పేపర్ లెక్క ఐదారు రోజులు కదా! నిజానికి ఇంత దగ్గరగా వస్తుందని నేనూ అనుకోలేదు, గుండె నిండింది. జెలటిన్ వేసినదాంట్లో అంచే కనపడలేదు. మొత్తం బీర్‌లో మబ్బుల్లా తెరలు కట్టి ఒక్కసారిగా దిగాయి, ఒకటిన్నర రోజులో అయిపోయింది.

జెలటిన్ ఎలా పనిచేస్తుందంటే, బీర్ ఆమ్లత్వంలో దానికి పాజిటివ్ చార్జ్, ఈస్ట్ గోడకి నెగటివ్ చార్జ్. అతుక్కుని పెద్ద ముద్దలవుతాయి, మళ్లీ స్టోక్స్ లా. అర టీస్పూన్ పొడిని అర కప్పు నీళ్లలో నానబెట్టి, 65-70 డిగ్రీలకి వేడి చేసి, మరగనివ్వకుండా, చల్లటి బీర్‌లో పోయాలి.

స్కోర్ జెలటిన్‌కే అనుకుంటున్నారు కదా? ఆగండి. ఫోటోల్లో నేను వెతకని ఇంకో విషయం దొరికింది. రెండింట్లోనూ మడ్డి ఎత్తు ముందు పెరిగి, తర్వాత తగ్గింది. దూదిలా వదులుగా చేరి, తర్వాత దాని బరువుకి అదే నొక్కుకుపోతుంది. జెలటిన్‌ది రెండో రోజు పైకి తేటగా ఉన్నా, అడుగున మడ్డి మెత్తగా, ఎత్తుగా ఉంది. ఆ రోజే కెగ్‌లోకి లాగి ఉంటే మడ్డి కూడా లేచి వచ్చేది. ఇంకో మూడు రోజులకి అది మూడో వంతు దాకా దిగి గట్టిపడింది. అంటే ఆరు రోజుల పని ఒకటిన్నర రోజులో కాలేదు, ఐదు రోజుల్లో అయింది. జెలటిన్ లేని మడ్డి గట్టిగా ఉండి, పైపు తగిలినా కదల్లేదు. ఒక్క రోజు లాభం కోసం జెలటిన్ అవసరమా అంటే, నా ఓటు లేదు. పైగా అది పశువుల ఎముకలు, చర్మం నుంచి వచ్చేది. మా అక్క శనివారం నాన్‌వెజ్ ముట్టదు. "మరి శనివారం ఏ ట్యాప్ నుంచి తాగాలె నేను?" అని అడిగితే బావ దగ్గర సమాధానం లేదు. వెజిటేరియన్ కావాలంటే సిలికా ఆధారిత బయోఫైన్ ఉంది, మరిగేటప్పుడే వేసే ఐరిష్ మాస్ ఉంది, అది సముద్రపు నాచు.

పెద్దబాపు కామెంట్

టైమ్‌ల్యాప్స్ వీడియోని ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టాను. మా పెద్దబాపు బోధన్ షక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. 1937లో పెట్టిన ఫ్యాక్టరీ, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు, 2015 డిసెంబర్‌లో మూతపడింది. వీడియో చూసి వెంటనే కాల్ చేశాడు.

"ఇది మా క్లారిఫైయరే కదరా. చిన్నగ చేసిండ్రు, అంతే."

విషయం ఏంటంటే, చెరుకు రసం గానుగ నుంచి బురదగా వస్తుంది. దానికి సున్నం పాలు, సల్ఫర్ డయాక్సైడ్ పట్టించి, వంద డిగ్రీలు దాటేలా వేడి చేసి క్లారిఫైయర్ అనే పెద్ద ట్యాంకులోకి వదులుతారు. మలినాలు ముద్దలు కట్టి కిందకి, తేట రసం పైనుంచి పొర్లి బయటికి. అడుగున మెల్లగా తిరిగే రెక్కలు మడ్డిని మధ్యకి నెడతాయి. ఆ మడ్డిని వాక్యూమ్ ఫిల్టర్ మీద పిండి, మిగిలిన తీపిని కూడా లాగేస్తారు. చివరికి మిగిలే ప్రెస్‌మడ్‌ని రైతులు ఎరువుగా పొలాలకి తోలుకుంటారు. పెద్దబాపు దాన్ని ప్రెస్ మడ్డి అనే అంటాడు, నాకైతే ఆ పేరే కరెక్ట్ అనిపిస్తుంది.

"రెక్కలు జోరుగ తిరిగితే మడ్డి లేస్తది. మెల్లగ తిరగాలె. సున్నం ఎక్కువైతే రసం ఎర్రగైతది. మీ జెలటిన్ ఎక్కువైతే ఏమైతది?"

మంచి ప్రశ్న. ఎక్కువైతే మడ్డి ఇంకా దూదిలా ఉబ్బుతుంది, బీర్ పైన నురుగు నిలబడటం తగ్గొచ్చు. ఇంకో మాట కూడా అన్నాడు, "బెల్లం వండేటోళ్లు బెండ జిగురు ఏస్తరు, గది ఏసి చూడు మీ బావను." నిజమే. బెండ కాండాన్ని నలిపి నానబెట్టిన జిగురుని మరుగుతున్న చెరుకు రసంలో వేస్తే, మలినాలు తెట్టులా పైకి తేలతాయి, జల్లెడ గరిటతో తీసేస్తారు. అక్కడ మడ్డి పైకి, ఇక్కడ కిందకి. ఐరిష్ మాస్ చేసే పనీ దాదాపు అదే, మొక్క నుంచి వచ్చే జిగురు మలినాలని గుంపు చేయడం. బావ మాత్రం బీర్‌లో బెండకాయ అనగానే ఫోన్ లాక్కుని టాపిక్ మార్చాడు.

స్మార్ట్ సెన్సర్లు మడ్డి విషయంలో ఏం చేస్తాయి, ఏం చేయవు

ఎప్పుడు చల్లబెట్టాలో తెలియాలంటే ఫర్మెంటేషన్ ఆగిందో లేదో తెలియాలి. దీనికి బీర్‌లో తేలే సెన్సర్లున్నాయి. టిల్ట్ హైడ్రోమీటర్ బ్లూటూత్‌తో పనిచేస్తుంది, 130 డాలర్ల చుట్టుపక్కల. ఐస్పిండెల్ ఓపెన్ సోర్స్, ఈఎస్‌పీ8266 బోర్డు, ఎంపీయూ-6050 సెన్సర్, ఒక 18650 సెల్ ఒక ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి మనమే చేసుకోవచ్చు. రెండిటి సూత్రం ఒకటే. చక్కెర తగ్గేకొద్దీ బీర్ పల్చబడుతుంది, గొట్టం వాలే కోణం మారుతుంది, ఆ కోణం నుంచి గ్రావిటీ లెక్క.

నేను ఐస్పిండెల్ కట్టి రెండు వారాలు వాడాను. ట్రెండ్ చూడటానికి బాగుంది, నంబర్‌ని నమ్మడానికి కాదు. గొట్టానికి ఈస్ట్ నురుగు, హాప్స్ తుక్కు అంటుకుంటే కోణం మారిపోతుంది. బుడగలు అంటుకున్నా అంతే. చల్లబెట్టగానే సాంద్రత పెరుగుతుంది కాబట్టి గ్రావిటీ మళ్లీ పెరిగినట్టు గ్రాఫ్ చూపిస్తుంది, కంగారు పడకండి. స్టీల్ ఫర్మెంటర్ అయితే సిగ్నల్ బయటికి సరిగా రాదు. గీత మూడు రోజులు చదునుగా ఉంటే, ఒక శాంపిల్ తీసి గాజు హైడ్రోమీటర్‌తో చూసి, అప్పుడే క్రాష్ చేయాలి. సీసాలు పేలడం గురించి పైన చెప్పింది ఈ స్టెప్ వదిలేసినవాళ్లకి జరగొచ్చు.

క్రాష్‌లో ఇంకో తిరకాసు. చల్లబడేకొద్దీ పైన ఉన్న గ్యాస్ కుంచించుకుపోతుంది, కొంత బీర్‌లో కరుగుతుంది. లోపల వాక్యూమ్ వచ్చి ఎయిర్‌లాక్‌లోని నీళ్లనీ బయటి గాలినీ పీల్చుకుంటుంది. హాప్స్ ఎక్కువున్న బీర్ రెండు వారాల్లో అట్టపెట్టె రుచికి వస్తుంది. తక్కువ ప్రెషర్‌లో కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ తగిలించడమో, ఫర్మెంటేషన్ జోరుగా ఉన్నప్పుడు వచ్చే గ్యాస్‌తోనే మైలార్ బెలూన్ నింపి ఉంచుకోవడమో చేయాలి. కోన్ కొనే డబ్బుతో ముందు ఇది సరిచేసుకోవడం మేలని నా అభిప్రాయం.

ప్రెషర్ తట్టుకునే ఫర్మెంటర్ ఉన్నవాళ్లకి ఇంకో చిన్న పార్ట్ ఉంది, ఫ్లోటింగ్ డిప్ ట్యూబ్. మెత్తటి సిలికాన్ పైపు చివర స్టీల్ బంతి తేలుతుంటుంది, బీర్‌ని అడుగు నుంచి కాకుండా పైనుంచి లాగుతుంది. పైభాగం ముందు తేలుతుంది కదా, నా గ్రాఫ్‌లో కనిపించింది అదే. ఇది ఉంటే మడ్డిని తీయాల్సిన అవసరమే సగం పోతుంది. ధర కూడా పదిహేను ఇరవై డాలర్లలోపే. కోనికల్ జాడీ బటర్‌ఫ్లై వాల్వ్ ముచ్చట్లన్నీ చూశాక, బావ కొత్తగా కొనాల్సి వస్తే మామూలు కెగ్, ఈ ట్యూబ్‌తో సరిపెడతానన్నాడు. నేను కూడా అదే చెప్తాను.

కోనికల్‌కి ఒకే ఒక్క గట్టి పాయింట్ మిగులుతుంది, ఈస్ట్‌ని తీసి మళ్లీ వాడుకోవడం. హాప్స్ తుక్కుని మొదట వదిలేసి, తర్వాత వచ్చే క్రీమ్ రంగు ఈస్ట్‌ని శుభ్రమైన జాడీలో పట్టి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే రెండు మూడు వారాల్లోపు తర్వాతి బ్యాచ్‌కి పనికొస్తుంది. ఆ జాడీ మూత గట్టిగా బిగించకూడదు, గ్యాస్ వస్తూనే ఉంటుంది. తరచుగా చేసేవాళ్లకి ఒక్కో బ్యాచ్‌కి కొన్ని డాలర్లు మిగులు. బ్రిటన్‌లో బ్రెడ్ మీద రాసుకునే మార్మైట్ పుట్టింది ఇలాంటి మిగిలిన ఈస్ట్ నుంచే, 1902లో, బ్రూవరీల ఊరు బర్టన్‌లో.

బావ తర్వాతి బ్యాచ్ జర్మన్ గోధుమ బీర్. దానికి కోన్, జెలటిన్, క్రాష్ ఏదీ అక్కర్లేదు. మసకగా ఉంటేనే అది కరెక్ట్, జర్మనీలో సీసా అడుగున ఉన్న ఈస్ట్‌ని కూడా తిప్పి గ్లాసులో పోసుకుంటారు. ఫోన్ మాత్రం ఆ ఫ్రిజ్ ముందే ఉంది, పై నుంచి కిందకి గీత ఎంత మెల్లగా వస్తుందో చూడాలని స్క్రిప్ట్ ఆన్‌లోనే పెట్టి వచ్చాను.